429 కోట్ల 49 లక్షల 67 వేల 297 గురించి మీరు నమ్మేవాటిలో నిజమెంత?

పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతాను. కొత్త బ్యాచ్ రాగానే బోర్డు మీద 4,29,49,67,297 రాసి, ఇది ప్రధాన సంఖ్యా కాదా అని అడుగుతాను. పెద్ద సంఖ్యల మీద ఉన్న అపోహలు చాలావరకు దీని దగ్గరే బయటపడతాయి.

అపోహ: చిన్న సంఖ్యలేవీ భాగించకపోతే ప్రధాన సంఖ్యే.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బేసి సంఖ్య, చివర 5 లేదు, అంకెల మొత్తం 59 కాబట్టి 3తో పోదు, 7, 11, 13తోనూ పోదు, ఇంకేముంది, "ప్రైమే సార్" అని పెన్ను కింద పెట్టేస్తారు. వాళ్లను ఏమీ అనలేను, ఫ్రెంచ్ గణిత మేధావి ఫెర్మా అంతటివాడే 1640లో ఇది ప్రధాన సంఖ్యేనని నమ్మాడు. 2 మీద ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేస్తూ ప్రతిసారీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతిది మన 2³² + 1. దీన్ని 1732లో స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్ విడగొట్టాడు: 641 × 67,00,417.

అపోహ: ఇంత పెద్దదానికి కారణాంకం దొరకాలంటే కంప్యూటర్ కావాలి.

దీని వర్గమూలం 65,536 దగ్గర ఉంటుంది, అక్కడిదాకా 6,542 ప్రధాన సంఖ్యలున్నాయి, నిజమే. కానీ దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. అయిదోదానికే పని అయిపోయింది!

అసలు భాగహారమే చేయకుండా కూడా చూపించొచ్చు, కాగితం తీసుకోండి. 641 అంటే 5 × 2⁷ + 1. అదే 641 అంటే 5⁴ + 2⁴ కూడా. మొదటిదాన్ని బట్టి, 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ని −1గా తీసుకోవచ్చు, దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸ని 1గా తీసుకోవచ్చు. రెండోదాన్ని బట్టి 5⁴ స్థానంలో −2⁴ పెట్టండి. −2³²కి శేషం 1 వచ్చింది, అంటే 2³² + 1 ఏమీ మిగలకుండా పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ నాలుగు వరసలు రాస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: సంఖ్య పెద్దదైతే కారణాంకాలూ ఎక్కువే.

పక్కపక్క సంఖ్యలు చూడండి. చివర 296 ఉన్నది 2³², దానికి 33 కారణాంకాలు. చివర 295 ఉన్నది 3 × 5 × 17 × 257 × 65537, పైన చెప్పిన ఫెర్మా సంఖ్యలే అయిదూ, దీనికి 32. మనదానికి నాలుగే.

అపోహ: కారణాంకం చూపించకుండా ప్రధాన సంఖ్య కాదని చెప్పలేం.

చెప్పొచ్చు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అయితే, 3ని దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి దానితో భాగించినప్పుడు శేషం 1 రావాలి (ఆ సంఖ్య 3 కాకపోతే చాలు). మనదానికి రాదు, కాబట్టి 641 పేరెత్తకుండానే తేలిపోయింది. అదే 2తో పరీక్షిస్తే మాత్రం 1 వచ్చి మోసం చేస్తుంది, జాగ్రత్త. ఇదే ఫెర్మా వరసలో ముందుకెళ్తే 2 మీద 10,48,576 ఘాతానికి ఒకటి కలిపిన సంఖ్య ఉంది, 3,15,653 అంకెలది. అది సంయుక్త సంఖ్య అని 1987లోనే రుజువైంది, దాని కారణాంకం మాత్రం ఒక్కటీ ఇంకా ఎవరికీ దొరకలేదు.