సూక్ష్మజీవుల జీనోమ్, ప్రోటీన్ పరిశోధన: అపోహలు - వాస్తవాలు

సూక్ష్మజీవుల జీనోమిక్స్ (డీఎన్‌ఏ మొత్తాన్ని, అంటే జీనోమ్‌ని, చదవడం), ప్రోటియోమిక్స్ (ప్రోటీన్లన్నిటినీ గుర్తించి కొలవడం) రంగాల్లో పని చేస్తానని చెబితే అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొత్తగా ల్యాబ్‌లో చేరే విద్యార్థులే కాదు, పక్క విభాగంలో ఏళ్లుగా ఉన్నవాళ్లు కూడా అవే నమ్మకాలతో వస్తారు. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు. కొన్ని సగం నిజం, అసలు ఇబ్బంది వాటితోనే.

అపోహ: జీనోమ్ మొత్తం చదివేశాక ఆ బ్యాక్టీరియా గురించి తెలియనిదేముంటుంది?

చాలా ఉంటుంది. స్వతంత్రంగా బతికే జీవుల్లో మొట్టమొదట పూర్తిగా చదివిన జీనోమ్ హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాది. 1995లో, సుమారు 18 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. రెండేళ్లకు పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఇ.కోలైలో ల్యాబ్ రకమైన కె-12 వంతు వచ్చింది: 46 లక్షల అక్షరాలు, ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు 4,288. అప్పటికే దశాబ్దాలుగా ల్యాబుల్లో పెంచుతూ, అన్ని రకాలుగా పరీక్షించిన బ్యాక్టీరియా అది. అయినా ఆ జన్యువుల్లో దాదాపు 38 శాతం దేనికో ఆ రోజు చెప్పలేకపోయారు. ఆ వాటా తర్వాత తగ్గింది, కానీ సున్నాకి రాలేదు.

ఇంతకంటే గట్టి ఉదాహరణ 2016లో క్రెయిగ్ వెంటర్ సంస్థ తయారుచేసిన జేసీవీఐ-సిన్3.0 కణం. బతకడానికి అవసరం లేనివన్నీ తీసేస్తూ పోయి 473 జన్యువుల దగ్గర ఆగారు. వాటిలో 149 కచ్చితంగా ఏం చేస్తాయో తయారుచేసిన వాళ్లకే తెలియలేదు. తీసేస్తే కణం చస్తుంది, లేదా ఎదగలేక ఈడుస్తుంది. అందుకే వాటిని ఉంచారు.

ఇంకో చిక్కు పేర్లతో వస్తుంది. కొత్త జీనోమ్‌లో జన్యువులకు పేర్లు ఎక్కువగా పోలికను బట్టి సాఫ్ట్‌వేర్ పెడుతుంది. మొదట ఎవరో తప్పు పేరు పెడితే, అదే పేరు వందల జీనోమ్‌లకు పాకుతుంది. అందుకే నాకు "హైపోథెటికల్ ప్రోటీన్" అన్న లేబులే కాస్త నిజాయితీగా అనిపిస్తుంది. తెలియదని ఒప్పుకుంటుంది కదా.

అపోహ: ఒక జాతి అంటే ఒక జీనోమ్.

మనుషుల జీనోమ్ గురించి చదివి వచ్చినవాళ్లు ఇలా అనుకోవడం సహజం. బ్యాక్టీరియాలో లెక్క వేరు. 2002లో మూడు ఇ.కోలై రకాలను పోల్చారు: ల్యాబ్‌లో పెంచే కె-12, రక్త విరేచనాలు కలిగించే ఓ157:హెచ్7, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ తెచ్చే సీఎఫ్‌టీ073. మూడింటి ప్రోటీన్లన్నీ కలిపి చూస్తే, మూడింటిలోనూ ఉన్నవి 39.2 శాతమే. పేరు మాత్రం మూడింటికీ ఒకటే. కాబట్టి "ఇ.కోలైలో ఈ జన్యువు ఉంటుందా?" అని అడిగితే, ఏ ఇ.కోలై అని మేం తిరిగి అడుగుతాం.

అపోహ: జన్యువు ఉందంటే ప్రోటీన్ ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉంటే ప్రోటీన్ అంత.

ఇదే ఆ సగం నిజం. జన్యువులోని సమాచారాన్ని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్లే నకలు ఆర్‌ఎన్‌ఏ. ఒక కల్చర్‌లోని, అంటే ల్యాబ్‌లో కలిపి పెంచిన, కోట్ల కణాల సగటు తీసుకుంటే ఆర్‌ఎన్‌ఏకీ ప్రోటీన్‌కీ కొంత పొంతన కనిపిస్తుంది. ఒక్కో కణాన్ని విడిగా చూస్తే ఆ పొంతన పోతుంది. 2010లో ఇ.కోలై మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఒకే కణంలో ఒక జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏ సంఖ్యకూ ప్రోటీన్ సంఖ్యకూ సంబంధమే కనిపించలేదు. కారణం అర్థం చేసుకోవడం తేలికే. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ కొన్ని నిమిషాల్లో విచ్ఛిన్నమైపోతుంది. ప్రోటీన్ చాలావరకు అలాగే ఉండి, కణం రెండుగా చీలినప్పుడు పిల్లకణాలకు పంచబడుతుంది. ఆర్‌ఎన్‌ఏ ఇప్పటి సంగతి చెబుతుంది, ప్రోటీన్‌లో పాత లెక్కలు కూడా కలిసి ఉంటాయి.

అపోహ: శాంపిల్ పెడితే మాస్ స్పెక్ట్రోమీటర్ అన్నీ చెప్పేస్తుంది.

మా పనిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇది.

అణువుల బరువులు కొలిచే ఈ యంత్రం గొప్పదే. ప్రోటీన్ల లాంటి పెద్ద అణువులను చెదరగొట్టకుండా వాయుస్థితిలోకి తెచ్చే పద్ధతులకు జాన్ ఫెన్, కొయిచి తనాకాలకు 2002లో నోబెల్ వచ్చింది. 1975లో ఓఫారెల్ అనే శాస్త్రవేత్త ప్రోటీన్లను రెండు దిశల్లో విడదీసే జెల్ మీద ఇ.కోలై నుంచి సుమారు 1,100 ప్రోటీన్ చుక్కలు విడదీసి చూపించినప్పుడు అది అద్భుతం. ఇప్పుడు ఒక్క రన్‌లోనే అంతకు మించి ప్రోటీన్లను పేర్లతో సహా గుర్తిస్తున్నాం.

కానీ యంత్రం ప్రోటీన్‌ని నేరుగా చూడదు. ముందు ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ప్రోటీన్లను ముక్కలు చేస్తాం. లైసిన్, ఆర్జినిన్ తర్వాత అది కోస్తుంది. యంత్రం కొలిచేది ఆ ముక్కల బరువులను. ఆ బరువులను మనం ఇచ్చిన డేటాబేస్‌తో పోల్చి పేర్లు పెట్టేది సాఫ్ట్‌వేర్. డేటాబేస్‌లో లేని ప్రోటీన్ కళ్ల ముందే ఉన్నా మామూలు పద్ధతిలో దొరకదు. పైగా సాఫ్ట్‌వేర్ ఊరికే ఏదో ఒక పోలిక చూపిస్తూనే ఉంటుంది. అందుకే అసలు సీక్వెన్సులతో పాటు తిప్పి రాసిన దొంగ సీక్వెన్సులను కూడా కలిపి వెతికిస్తాం. దొంగవాటికి ఎన్ని పోలికలు తగిలాయో చూసి, తప్పుల వాటా 1 శాతం దాటకుండా గీత గీస్తాం. గీత గీశాక కూడా తప్పులు కొన్ని మిగులుతాయి. ఒకే ఒక్క పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) ఆధారంగా "కొత్త ప్రోటీన్ కనుక్కున్నాం" అని ఎవరైనా అంటే ముందు ఆ స్పెక్ట్రమ్, అంటే యంత్రం ఇచ్చిన అసలు కొలతల గ్రాఫ్, చూపించమంటాను.

ఇక కెరటిన్ అనే ప్రోటీన్. చర్మం నుంచి, జుట్టు నుంచి, ఉన్ని బట్టల నుంచి అది శాంపిల్‌లో పడుతుంది. బ్యాక్టీరియా ప్రోటీన్ల జాబితాలో మనిషి కెరటిన్ పై వరుసలో కూర్చుంటే యంత్రాన్ని తిట్టి లాభం లేదు. డీఎన్‌ఏ తక్కువైతే పీసీఆర్‌తో పెంచుకోవచ్చు. ప్రోటీన్‌కి అలాంటి దారి లేదు, ఎంత ఉంటే అంతతోనే పని. కల్చర్‌ని ఏ దశలో తీశాం, సెంట్రిఫ్యూజ్ దగ్గర ఎంతసేపు ఆగింది, ఎంత చల్లబడింది అన్నవన్నీ ఫలితంలోకి వచ్చేస్తాయి. బ్యాక్టీరియా ఆ కొద్ది నిమిషాల్లోనే ఒత్తిడికి స్పందించడం మొదలుపెడుతుంది.

అపోహ: జాబితాలో లేదంటే కణంలో లేనట్టే.

కాదు. కణపొరలో ఇరుక్కున్న ప్రోటీన్లు సరిగా కరగవు. కొన్నిటి సంఖ్య మరీ తక్కువ. మరీ చిన్న ప్రోటీన్లను జీనోమ్‌కి పేర్లు పెట్టేటప్పుడే వదిలేస్తారు. క్షయ బ్యాక్టీరియా జీనోమ్ 1998లోనే వచ్చింది. 2011లో దాని ప్రోటీన్లను మాస్ స్పెక్‌తో వెతికినవాళ్లు అప్పటిదాకా జాబితాలో లేని 41 జన్యువులను చూపించారు. అసలు కొన్ని ప్రోటీన్లు అవసరం పడితేనే తయారవుతాయి. 2016లో ఇ.కోలైని 22 రకాల పరిస్థితుల్లో పెంచి కొలిస్తే 2,300కు పైగా ప్రోటీన్లు తేలాయి. అంటే దాని జీనోమ్‌లో ఉన్న ప్రోటీన్ జన్యువుల్లో సగం కంటే కాస్త ఎక్కువ.

అపోహ: మూడుసార్లు రన్ చేశాం కాబట్టి మూడు రీప్లికేట్లు.

రీప్లికేట్ అంటే ప్రయోగాన్ని మళ్లీ చేయడం. ఒకే ట్యూబ్‌ని మూడుసార్లు పెడితే యంత్రం ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది, అంతే. బ్యాక్టీరియా గురించి చెప్పాలంటే మూడు వేర్వేరు కల్చర్లు కావాలి. మందు వేసినవన్నీ ఒక రోజు, వేయనివన్నీ మరో రోజు నడిపిస్తే ఇంకా దారుణం. కనిపించిన తేడా మందుదో, ఆ రోజుదో ఎంత గణితం వాడినా విడదీయలేం. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను ప్రయోగం అయ్యాక కాదు, మొదలుపెట్టక ముందు కలవాలి.

అపోహ: ఆల్ఫాఫోల్డ్ వచ్చింది కదా, ఇక ప్రయోగాలెందుకు?

ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేస్తుంది. ఆ పనికి 2024లో నోబెల్ కూడా ఇచ్చారు. మేం రోజూ వాడతాం. కానీ ఆ ప్రోటీన్ ఈ పరిస్థితిలో తయారైందా, ఎన్ని కాపీలు ఉన్నాయి అన్నవి దాన్ని అడగలేం.

అపోహ: ఇందులో ఉద్యోగమంటే ప్రొఫెసర్ కావడమే. కోడింగ్ రాకపోతే అదీ దొరకదు.

కోడింగ్ విషయం నిజానికి దగ్గరే. ఆర్ గానీ పైథాన్ గానీ పని జరిగేంత వచ్చి ఉండాలి, ఎందుకంటే కల్చర్ పెంచడానికి వారం పడితే డేటా చూడటానికి నెలలు పడుతుంది. అయితే కోడింగ్ మాత్రమే వచ్చినవాళ్లకు కెరటిన్ కథ తెలియదు. వాళ్లతోనూ చిక్కే.

ఉద్యోగాలు మాత్రం విశ్వవిద్యాలయాల బయట కూడా ఉన్నాయి. ఆస్పత్రి ల్యాబుల్లో ఇప్పుడు మాల్డీ-టాఫ్ యంత్రం (ఒక రకం మాస్ స్పెక్ట్రోమీటర్) ఎక్కువగా రైబోజోమ్ ప్రోటీన్ల ఆధారంగా బ్యాక్టీరియాను నిమిషాల్లో గుర్తిస్తుంది. ఇ.కోలైని, దానికి దగ్గరి బంధువైన షిగెల్లా బ్యాక్టీరియాను వేరుచేయడంలో మాత్రం తడబడుతుంది, అలాంటి చోట మనిషి కావాలి. ఎంజైమ్‌ల తయారీ, వ్యాక్సిన్లు, డేటాబేస్ నిర్వహణ కూడా ఉన్నాయి. ఇ.కోలైలో తయారుచేసే ఇన్సులిన్ లాంటి మందుల్లో ఆ బ్యాక్టీరియా ప్రోటీన్లు ఎంత మిగిలాయో కొలిచే పని కూడా ఉంది. పది లక్షల్లో కొన్ని వంతుల స్థాయిలో వెతకాలి, ప్రతి అంకెకూ లిఖితపూర్వకంగా ఆధారం చూపాలి. ల్యాబ్‌లో శుభ్రంగా పని చేసే అలవాటున్న విద్యార్థులకు నేను ముందు ఈ దారే చూపిస్తాను.