రెవిట్‌లో కనిపించనిదల్లా డిలీట్ అయినట్టు కాదు

"సార్, నిన్న పెట్టిన కాలమ్స్ మాయమైపోయాయి. ఫైల్ కరప్ట్ అయిందంటారా?" భవనాల త్రీడీ మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌ని నేర్చుకుంటున్న పిల్లల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. టెన్షన్ పడకండి. కరప్ట్ అయిన ఫైల్ సాధారణంగా తెరుచుకోవడానికే మొరాయిస్తుంది. గోడల్ని వదిలేసి కాలమ్స్ మాత్రం ఏరి మింగదు.

అపోహ: కనిపించట్లేదంటే పోయినట్టే, మళ్లీ పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ప్లాన్ అంటే మోడల్‌ని ఒక ఎత్తులో కోసి పైనుంచి చూడటం. ఆ కోత పడే ఎత్తు, అంటే కట్ ప్లేన్, మామూలుగా లెవెల్‌కి (అంతస్తు ఎత్తుకి) 1200 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. దానికి పైనున్న బీమ్ కనిపించదు, వ్యూ డెప్త్ (కిందికి చూపు ఆగే హద్దు) దాటి కిందికి పోయిన కాలమూ కనిపించదు. స్ట్రక్చరల్ కాలమ్ పెట్టేటప్పుడు ఆప్షన్స్ బార్‌లో 'డెప్త్' అని ఉంటే అది మీరున్న లెవెల్ నుంచి కిందికి దిగుతుంది. పెట్టినవేవీ ఈ వ్యూలో కనిపించడం లేదని మూలన వార్నింగ్ కూడా వస్తుంది. చదివేదెవరు! మళ్లీ క్లిక్, మళ్లీ క్లిక్.

ఒక ప్రాజెక్టులో కాంక్రీటు లెక్క ఎంతకీ కుదరక క్వాంటిటీలు చూసే ఇంజనీరు తల పట్టుకున్నారు. తీరా చూస్తే చాలాచోట్ల ఒకే స్థానంలో రెండేసి కాలమ్స్. కంటికి ఒకటే, షెడ్యూల్‌కి (మోడల్‌లో ఉన్నవాటి పట్టికకి) రెండు. ఆ పని చేసిన అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. నేను ఆమెను ఏమీ అనలేదు. వ్యూ రేంజ్, అంటే ప్లాన్ చూపించే ఈ పై, కింది హద్దుల గురించి ఎవరూ చెప్పలేదు గానీ, "కనిపించకపోతే మళ్లీ పెట్టెయ్" అనే సలహా మాత్రం పక్క సీటు నుంచి ఉచితంగా అందింది.

కాబట్టి ముందు షెడ్యూల్ తెరవండి. అందులో ఉంటే మోడల్‌లో ఉన్నట్టే. ఆ వరుసను ఎంచుకుని 'హైలైట్ ఇన్ మోడల్' నొక్కండి. వ్యూ చుట్టూ లేత నీలం అంచు ఉంటే ఎవరో టెంపరరీ హైడ్ చేసి వదిలేశారు. బల్బు గుర్తు నొక్కితే 'హైడ్ ఇన్ వ్యూ' చేసినవి బయటపడతాయి. కానీ వ్యూ రేంజ్ బయట ఉన్నవాటిని బల్బు చూపించదు. చాలామంది ఇక్కడే ఆశ వదిలేసుకుంటారు. తర్వాత ఫేజ్ (నిర్మాణ దశ), మూసి ఉన్న వర్క్‌సెట్లు (పని పంచుకోవడానికి మోడల్‌ని విడదీసిన భాగాలు), డిసిప్లిన్ (వ్యూ ఏ విభాగానిది అనేది) చూడండి. డిసిప్లిన్ 'స్ట్రక్చరల్' అని ఉంటే బరువు మోయని గోడలు కనిపించవు. సెట్టింగ్ మారకుండా బూడిద రంగులో ఉందంటే వ్యూ టెంప్లేట్ (వ్యూకి తగిలించిన సెట్టింగుల మూట) పట్టుకుని కూర్చుంది.

డూప్లికేట్లు ఇప్పటికే పడి ఉంటే 'మేనేజ్' ట్యాబ్‌లో వార్నింగ్స్ తెరవండి. ఒకే చోట ఒకేలాంటివి ఉన్నాయని అక్కడ చెబుతుంది. తీసేసేటప్పుడు ట్యాగ్, డైమెన్షన్ ఉన్నదాన్ని ఉంచండి. దాన్ని తీసేస్తే అవీ దాంతోపాటే పోతాయి.

అపోహ: గీతలు వణికితే, ఉపరితలాలు మినుకుమంటే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి.

ఆగండి. రెండు ఫ్లోర్ల పైభాగాలు సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నా మినుకుమంటాయి. ఆ తప్పు మోడల్‌ది. గీతలు చెదిరితే లింక్ చేసిన డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) చూడండి. ఎక్కడో దూరంగా ఒక గీత పడి ఉంటుంది. మోడల్ ఇంటర్నల్ ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) నుంచి 16 కిలోమీటర్లలోపు ఉండాలి. ఇవన్నీ బాగుంటే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మ గీసే పనిని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించే సెట్టింగ్) ఆపి చూడండి. అప్పుడు సర్దుకుంటే ముందు అనుమానించాల్సింది కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అంటే డ్రైవర్‌ని. కార్డు కొనడం ఆ తర్వాత మాట.

అపోహ: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినా పాతదాంట్లో తెరుచుకుంటుంది.

తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే దారీ లేదు. అప్‌గ్రేడ్ చేసేముందు కన్సల్టెంట్లు ఏ వెర్షన్ వాడుతున్నారో కనుక్కుని, పాత ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి.