మీటరు ఒకటి, పొయ్యిలు మూడు

తమిళనాడు ప్రభుత్వం మహిళలకు నెలకు 1,000 రూపాయలిచ్చే కలైఞర్ మగళిర్ ఉరిమై తొగై మాట వచ్చినప్పుడల్లా చెన్నైలోని వ్యాసర్పాడి, కొరుక్కుపేట వాటా ఇళ్లలోని తెలుగు ఆడవాళ్లు అడిగేది ఒకటే: ‘పక్కింటికి వచ్చింది, మాకెందుకు రాలేదు?’ జవాబు కోసం ముందు చూడాల్సింది గోడమీది కరెంటు మీటరు.

రేషన్ చరిత్రంతా తవ్వక్కర్లేదు. బియ్యం కార్డున్న ప్రతి ఇంటికీ స్తోమత చూడకుండా బియ్యమిచ్చే రాష్ట్రమిది. 2017లో ఏసీ, కారు ఉన్నవాళ్లను ప్రాధాన్య కుటుంబాల్లోంచి తప్పించే నిబంధనలు రాగానే గొడవైంది, అందరికీ ఇచ్చే రేషన్ ఆగదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఇంటింటి స్తోమత కొలవడం పెద్దఎత్తున మొదలైంది 2023లోనే.

ఆ ఏడాది పెట్టిన హద్దులివి: కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు, భూమి 5 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట లోపు, కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్ల లోపు. కారున్నవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు అనర్హులు. దాదాపు 1.63 కోట్ల దరఖాస్తుల్లో 1.06 కోట్లకు పైగా ఆమోదించి సెప్టెంబరు 15న పథకం ప్రారంభించారు.

యూనిట్లను ఎంచుకోవడానికి కారణముంది. రోజుకూలీకి జీతం చీటీ ఉండదు, చెప్పిన ఆదాయాన్ని సరిచూడటం కష్టం. మీటరు రీడింగు మాత్రం రెండు నెలలకోసారి కరెంటు బోర్డు దగ్గరే నమోదవుతుంది. ఇళ్ల ఖర్చులు లెక్కగట్టే జాతీయ వినియోగ సర్వే కూడా ఇక్కడ అక్కరకు రాదు. 2022-23లో అది దేశమంతా కలిపి చూసింది 2,61,746 ఇళ్లను. సగటు చెప్పగలదు గానీ ఒక వీధిలో ఎవరికి ఇవ్వాలో చెప్పలేదు.

చిక్కు ఎక్కడంటే, మీటరు కొలిచేది కనెక్షన్‌ను, కుటుంబాన్ని కాదు. ఒకే సర్వీసు మీద మూడు వాటాలున్నాయనుకోండి. ఒక్కో ఇల్లు రెండు నెలలకు 220 యూనిట్లు కాలిస్తే ఏడాదికి 1,320, హద్దులో సగం కూడా కాదు. మూడూ కలిస్తే 3,960. దరఖాస్తులో మూడిళ్లవాళ్లూ ఆ ఒక్క సర్వీసు నంబరే రాస్తారు, ముగ్గురూ హద్దు దాటినట్టే కనిపిస్తారు. సొంత మీటరున్న ఇద్దరి కాపురం 3,500 కాల్చినా లోపలే ఉంటుంది. మనిషికెంత పడుతుందన్న లెక్కే లేదు.

ఈ తప్పును దిద్దే వీలు అంతకుముందే ఒకసారి వచ్చింది. 2022 నవంబరు 15 నుంచి 2023 ఫిబ్రవరి 28 దాకా కనెక్షన్లకు ఆధార్ జోడించినప్పుడు యజమానా, అద్దెదారా అని అడిగారు. అడగాల్సిన అసలు ప్రశ్న, ఈ మీటరు వెనక ఎన్ని రేషన్ కార్డులున్నాయని.

తిరస్కరించినవాళ్లకు 30 రోజుల్లో ఈ-సేవై కేంద్రం ద్వారా ఆర్డీఓకు అప్పీలు చేసుకునే వీలిచ్చారు. యూనిట్ల వల్ల పోయిందని తేలితే ఆరు బిల్లుల మొత్తం, వాటాలో సబ్‌ మీటరుంటే తేదీ కనబడేలా తీసిన రీడింగు ఫొటోలు, అదే సర్వీసు మీదున్న మిగతా ఇళ్ల రేషన్ కార్డుల నకళ్లు కలిపి పెట్టాలి. అద్దె రసీదే ఇవ్వని యజమాని ఈ లెక్కమీద సంతకం పెట్టడం కష్టం. కాబట్టి అధికారులనే వాటాలోకి వచ్చి ఎన్ని కాపురాలున్నాయో పొయ్యిలు లెక్కపెట్టమని, ఆ మాట అప్పీలులోనే రాసి అడగాలి.