ముందు గేరుకు ఏది పడితే అది ఎందుకు పట్టదు

కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవా కోసం బస్సులో పోయేవాళ్లకు అది కిటికీలోంచి చూసే కొండ. సైకిల్ తొక్కేవాడికి మాత్రం ప్రతి మలుపూ లెక్కే. పోయిన చలికాలంలో అక్కడే నా పాత గేరు సైకిల్ మొండికేసింది. ముందున్న మూడు పళ్లచక్రాల్లో చిన్నదానిలోకి చైను దిగనంది. వెనక లారీ హారన్. దిగి తోసుకుంటూ పోయాను. అంతకు వారం ముందే ఇంటర్నెట్‌లో చూసి, ధర బాగుందని కొత్త ఫ్రంట్ డీరైలర్ (చైనును ముందు ఒక పళ్లచక్రం నుంచి ఇంకొకదానికి నెట్టే సామాను) తెప్పించి వేయించుకున్నాను. ఊళ్లో మెకానిక్ దాన్ని తిప్పి చూసి, "అన్నా, ఇది 42 పళ్లదానికి చేసిండేది. నీ సైకిల్‌కు పెద్దది 48. ఎట్ల పడుతుంది?" అన్నాడు.

ఈ లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుందామని కూర్చుంటే కథ ఫ్రాన్స్‌లో తేలింది.

మన నల్ల సైకిల్‌కు ఈ గొడవే లేదు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు అనుకుంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదును నేల మీద హాయి, ఎక్కుడులో నరకం. అదే 21 గేర్ల సైకిల్‌లో ముందు 24, వెనక 28 వేసుకుంటే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. కాలి మీద బరువు దాదాపు మూడో వంతుకు దిగుతుంది. నెమ్మదిగా పోతాం, కానీ దిగకుండా పోతాం.

ఈ బరువు తగ్గించే పిచ్చి మొదట బాగా పట్టినవాళ్లలో ఒకడు పాల్ ద వివీ. వెలోసియో అనే కలం పేరుతో రాసేవాడు. ఫ్రాన్స్‌లోని సెంట్ ఎటియెన్ ఊళ్లో స్థిరపడి, 1887లో సైకిల్ పత్రిక పెట్టాడు. ఊరి పక్క కొండదారుల్లో రకరకాల గేర్లు బిగించి తొక్కి చూసేవాడు. పందేలవాళ్లు మాత్రం గేర్లంటే చిన్నచూపు చూశారు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పోటీలో పందెగాళ్లకు డీరైలర్ అనుమతి దొరికింది 1937లో. అంటే కొండలెక్కే యాత్రికులకు ముందే తెలిసిన సుఖం వీరులకు ముప్పై ఏళ్లు పైబడి ఆలస్యంగా అందింది. మూడు పళ్లచక్రాల క్రాంక్‌ను (పెడళ్లు బిగించే భాగాన్ని) పెంచి పోషించింది కూడా సామాన్లు కట్టుకుని ఊళ్లు తిరిగే ఫ్రెంచి యాత్రికులే. పందేలవాళ్లు రెండుతో సరిపెట్టుకున్నారు.

డీరైలర్ అంటే ఫ్రెంచిలో పట్టాలు తప్పించేది అని. గుంతకల్లు లైను పక్కన పెరిగిన మనకు ఆ పేరు కొంచెం భయంగానే ఉంటుంది. నిజానికి అది చేసేది పట్టాలు మార్చే పాయింటు పని. తొలినాటి ముందు డీరైలర్ మరీ మోటు వస్తువు. సీటు కింది నిలువు గొట్టం పక్కన ఒక కడ్డీ, దాని చివర చైనును రెండు వైపులా పట్టుకునే రేకులు. తొక్కుతూనే కాళ్ల మధ్యకు చెయ్యి దించి కడ్డీని నెట్టాలి. వైరు తర్వాత వచ్చింది. కానీ ఆ మోటుదనంలో ఒక సుఖం ఉంది. చైను ఎంత జరగాలో నిర్ణయించేది మనిషి చెయ్యి. ఎన్ని పళ్లు, ఏ కంపెనీ అన్న పేచీ పెద్దగా లేదు.

ఇంకొక సంగతి. వెనక డీరైలర్ చైను వదులుగా ఉండే కింది భాగాన్ని జరుపుతుంది. ముందుది మాత్రం మన కాలి బలమంతా మోస్తూ బిగుసుకుని ఉన్న పై భాగాన్ని తోయాలి. అందుకే అది ఎప్పుడూ కాస్త మొరటుగానే మారుతుంది. ఎక్కుడు మధ్యలో పట్టి లాగితే ఎంత ఖరీదైనదైనా మూలుగుతుంది. ఎక్కుడు మొదలుకాక ముందే, పెడల్ మీద బరువు తగ్గించి మార్చుకోవాలి.

మూడు పళ్లచక్రాలు ప్రపంచమంతా పాకింది మౌంటెన్ బైక్‌తో, అంటే కొండ సైకిల్‌తో. 1970ల చివర్లో అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత సైకిళ్లతో కొండలు దిగడం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే కొండ సైకిల్ తెచ్చింది. మరుసటి ఏడాది సైకిల్ సామాన్లు చేసే షిమానో కంపెనీ కొండ సైకిళ్ల కోసమే డియోర్ ఎక్స్‌టి సామగ్రి దించింది. 1984లో అదే షిమానో పందేల సైకిల్ వెనక గేర్లకు 'టిక్కు' పెట్టింది. ఒక్క టిక్కు, ఒక్క గేరు. తర్వాత అది ముందుకూ పాకింది.

నా దృష్టిలో తగువు అక్కడ మొదలైంది. టిక్కు వచ్చాక చైను ఎంత జరగాలో చెయ్యి కాదు, షిఫ్టర్ (హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీట) నిర్ణయిస్తుంది. షిఫ్టర్ ఒక టిక్కుకు లాగే వైరు పొడవు, డీరైలర్‌కు కావాల్సిన పొడవు ఒకటి కావాలి. రోడ్డు సైకిల్ షిఫ్టర్ లాగే లెక్క వేరు, కొండ సైకిల్‌ది వేరు. చైను సాఫీగా ఎక్కాలని రేకులను ఫలానా పళ్లచక్రం వంపుకు తగ్గట్టు మలిచారు. రేకుల్లో వంపులు, గాడులు, మెట్లు పెరిగే కొద్దీ ఒకదానికి చేసింది ఇంకొకదానికి పట్టకుండా పోయింది.

ఇప్పుడు నా తప్పు అర్థమవుతుంది. బయటి రేకు కింది అంచుకు, పెద్ద చక్రం పళ్లకు మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. 42 వంపు రేకును 48 మీద పెడితే తోక తగులుతుంది. తగలకూడదని పైకి బిగిస్తే చిన్న చక్రానికి దూరమైపోతుంది. పైగా పెద్దదానికీ చిన్నదానికీ తేడా కూడా చూడాలి. 42, 24 అయితే తేడా 18. నా సైకిల్‌కు 48, 26, అంటే 22. ఆ 22ను డీరైలర్ మొయ్యగలగాలి. ముందు రెండే పళ్లచక్రాలకు చేసినదైతే చిన్నదాంట్లో చైను రేకుల అడుగుకు రాసుకుంటుంది. 48కి చేసింది 42 మీద పెడితే మాత్రం మందకొడిగానైనా నెట్టుకొస్తుంది. గొట్టం మందం (28.6, 31.8, 34.9 మిల్లీమీటర్లు), వైరు పైనుంచి వస్తుందా కిందినుంచా అన్నవి కొలతపట్టీ, కళ్లు ఉంటే తేలిపోయేవి.

కొత్తది దొరకడమూ తగ్గుతోంది. 2012లో స్రామ్ కంపెనీ ఎక్స్‌ఎక్స్1 సామగ్రి ముందు ఒకటే పళ్లచక్రం, వెనక 11తో వచ్చింది. ఇప్పుడు వెనక 10 నుంచి 51 పళ్ల దాకా ఉన్న 12 గేర్ల సైకిళ్లున్నాయి. పెద్ద గేరుకు చిన్న గేరుకు మధ్య తేడా అయిదు రెట్లు. ముందు 42, 34, 24, వెనక 14 నుంచి 28 ఉన్న మన 21 గేర్లది మూడున్నర రెట్లే. కాబట్టి ట్రిపుల్ (ముందు మూడు పళ్లచక్రాలది) పోతోందని ఏడ్వాల్సిన పని లేదు. కాకపోతే ఆ 12 గేర్ల సామాను ధరకు మన దగ్గర పాత ట్రిపుల్ సైకిల్ మొత్తంగా వస్తుంది.

అందుకే నేను వెనక్కి పోయాను. ముందుకు 48 పళ్ల ట్రిపుల్ డీరైలర్, దానికి టిక్కు లేని పాతరకం బొటనవేలి లివర్. వెనక గేర్లకు టిక్కు అట్లే ఉంది. చైను రాసుకుంటే లివర్‌ను రవ్వంత కదిలిస్తాను, చప్పుడు ఆగిపోతుంది. ఊడదీసిన 42దాన్ని మెకానిక్ డబ్బాలో వేసుకున్నాడు. "21 గేర్ల సైకిల్ యాదైనా వస్తే పెడతా లేన్నా" అని దానికి నాకు మూడొందలు తగ్గించాడు.