సొంత పని చేసుకునేవాళ్లు మంచాన పడితే ఏం వస్తుంది, ఏం రాదు: అపోహలు - వాస్తవాలు

ప్రమాద పరిహారం, బీమా కేసులు చూసే లాయర్‌ని నేను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆటోడ్రైవర్లు, టైలర్లు, తాపీ మేస్త్రీలు, కూరగాయల బండి మీద బతికేవాళ్లు. జీతమిచ్చే యజమాని లేడు కాబట్టి పని ఆగిన రోజునుంచే ఇంట్లో డబ్బు ఆగిపోతుంది. ఆ కంగారులో ఎవరో చెప్పిన మాట నమ్మి, రానిదాని కోసం తిరుగుతూ రావలసినదాన్ని వదులుకుంటున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

అపోహ: ఈ-శ్రమ్ కార్డు ఉంది, పని చేయలేని నెలల్లో ఖాతాలో డబ్బు పడుతుంది.

పడదు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ అసంఘటిత కార్మికుల నమోదు మాత్రమే. దానితోపాటు చెప్పిన రూ.2 లక్షల ప్రమాద సాయం కూడా 2022 మార్చి 31లోపు నమోదై, ఆలోపే ప్రమాదానికి గురైనవాళ్లకే. ఇక ఈఎస్ఐలో జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఇస్తారు గానీ, అది ఒకరి కింద జీతానికి పనిచేసేవాళ్లకు. సొంత బండి నడుపుకునే మనిషి అందులో చేరలేడు. మూడు నెలలు మంచం పడితే పోయిన సంపాదనకు బదులుగా నెలనెలా ఇచ్చే ప్రభుత్వ భత్యం మన దగ్గర సొంత పనివాళ్లకు దాదాపు లేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఆ లోటు కొంతైనా తీరాలంటే తాత్కాలిక వైకల్యానికి వారానికి ఇంత అని చెల్లించే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవాలి. అది కూడా ప్రమాదాలకే, జ్వరాలకూ గుండెజబ్బుకూ కాదు.

అపోహ: బ్యాంకులో ఏడాదికి రూ.20 కోస్తున్నారు, ఏమైనా రూ.2 లక్షలు వస్తాయి.

ఆ ఇరవై రూపాయలు సురక్షా బీమా యోజనవి. 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు, ప్రమాదానికి మాత్రమే. పక్షవాతం వచ్చి చేయి పడిపోతే రాదు. దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: కాలు తీసేస్తేనే ఇస్తారని. అదీ తప్పే. ప్రమాదంలో చేయి గానీ కాలు గానీ శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, ఒక కంటి చూపు పూర్తిగా పోయినా రూ.లక్ష వస్తుంది. రెండు కళ్లు, రెండు చేతులు లేదా రెండు కాళ్లు అయితే రూ.2 లక్షలు. ఖాతాలో మే నెలాఖరుకు డబ్బు లేక ప్రీమియం కట్ కాకపోతే జూన్ 1 నుంచి బీమా లేనట్టే. పాస్‌బుక్‌లో ఆ ఎంట్రీ ఒకసారి చూసుకోండి. రూ.436 కట్ అయ్యేది జీవన్ జ్యోతి. అది చనిపోతే ఇంట్లోవాళ్లకు వచ్చేది, వైకల్యానికి కాదు.

అపోహ: ఆటో దానంతటదే బోల్తా పడింది, ఎవరిమీద కేసు వేస్తాం?

కేసు అక్కర్లేదు, మీ పాలసీ కాగితం తీయండి. బండి యజమానే నడుపుతుంటే వర్తించే రూ.15 లక్షల ప్రమాద బీమాకు ప్రీమియం అందులో కట్టారేమో చూడండి. మరణానికి, శాశ్వత వైకల్యానికి అది వర్తిస్తుంది. ఒక చేయో కాలో కోల్పోతే అందులో సగం. బండి మీ పేరున ఉండాలి, చెల్లే లైసెన్స్ ఉండాలి. ఈ క్లెయిమ్ ఉందని తెలియనివాళ్లు ఇప్పటికీ చాలామంది.

అపోహ: జీతం చీటీ లేదు, ఐటీ రిటర్ను లేదు, సదరంలో (వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ సర్టిఫికెట్) 40 శాతమే రాశారు. కాబట్టి రోడ్డు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కూడా ఆ 40 శాతానికే లెక్క.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. సదరం శాతం ఒంటికి సంబంధించినది. వికలాంగుల పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి (ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి రూ.6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే రూ.15,000, తెలంగాణలో 2023లో రూ.4,016కు పెంచారు). విరిగి, అతుక్కుని, ఆరు నెలల్లో లేచి నడిచే కాలుకు పింఛను రాదు.

రోడ్డు ప్రమాద పరిహారం లెక్క వేరు. అక్కడ అడిగేది, ఈ గాయంతో ఈ మనిషి సంపాదనలో ఎంత పోయింది అని. సుప్రీంకోర్టు 2010లోనే దీన్ని విడమరిచి చెప్పింది: ఎడమచేయి పోయిన గుమస్తా ఉద్యోగం నిలవొచ్చు, అదే చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది. 2014లో కర్ణాటకకు చెందిన కూరగాయల వ్యాపారి కేసు వచ్చింది. ప్రమాదంలో కాలు తీసేశారు. ఒకచోట కూర్చుని అమ్ముకోవచ్చు కదా అనిపించవచ్చు. కానీ హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి సరుకు తెచ్చుకోవాలి, బండి తోసుకుంటూ తిరగాలి, దానికి కాళ్లు కావాలని కోర్టు గుర్తించి సంపాదన నష్టాన్ని 85 శాతంగా తేల్చింది. ఆదాయ పత్రాలు లేకపోయినా నెలకు రూ.6,500 సంపాదన కింద తీసుకుంది. 2017 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు తర్వాత సొంత పనివాళ్లకు భవిష్యత్తులో పెరిగే ఆదాయం కూడా కలుపుతున్నారు: 40 ఏళ్లలోపు 40 శాతం, 40-50 మధ్య 25 శాతం, 50-60 మధ్య 10 శాతం.

అందుకే మీరు చేసే పని ఏమిటో వివరంగా చెప్పండి. టైలర్ అని రాస్తే సరిపోదు. కుడికాలితో మిషన్ తొక్కుతారని, రోజుకు ఇన్ని గంటలు కూర్చుంటారని చెప్పాలి. మార్కెట్ యార్డు చీటీలు, ఫోన్‌పే లావాదేవీలు, ఆటో ఫైనాన్స్ కిస్తీ రసీదులు, మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు అన్నీ పనికొస్తాయి. పక్కషాపువాళ్ల సాక్ష్యం కూడా.

అపోహ: వైద్యం పూర్తయ్యాక పరిహారం కేసు తీరిగ్గా వేసుకోవచ్చు.

వద్దు. మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. కట్టు విప్పకముందే వేయొచ్చు. వైకల్య సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయొచ్చు. ఆస్పత్రిలో చేరిన రోజే ఇది రోడ్డు ప్రమాదమని చెప్పి కేస్ షీటులో రాయించండి, మెట్లమీంచి పడ్డానని మాత్రం చెప్పకండి. పోలీసుల తలనొప్పి ఎందుకని చాలామంది అలా చెప్తారు. తర్వాత బీమా కంపెనీ లాయరు మొదట చదివేది ఆ ఒక్క వాక్యాన్నే.