పాత అమెరికన్ జేబు చాకుల వయసు: అపోహలు – వాస్తవాలు

పాత జేబు చాకు చేతికి రాగానే ఎవరైనా మొదట చూసేది ట్యాంగ్ మీది ముద్రను. అలుగు (చాకులో కోసే భాగం) మొదట్లో పదును లేకుండా, పిడిలోని ఇరుసుకు ఆనుకుని చదునుగా ఉండే భాగమే ట్యాంగ్. అక్కడ చూడటం సరైన అలవాటే. అయితే ముద్ర చదవగానే వయసు తేలిపోయిందనుకోవడం వల్లనే కొత్త సేకర్తలు ఎక్కువగా నష్టపోతున్నారు. ముద్ర, పిడి పదార్థం, అలుగు అరుగుదల, భాగాల కూర్పు, ఇవన్నీ ఒకే కాలాన్ని చెబితే తప్ప నా దగ్గరున్న ఏ చాకుకూ నేను సంవత్సరం రాసిపెట్టను.

అపోహ: చాకు మీద ఎవరి పేరుంటే వారే దాన్ని తయారుచేశారు.

వాస్తవం: అమెరికాలో పెద్ద హార్డ్‌వేర్ టోకు వ్యాపారులు తమ పేర్లతో చాకులు చేయించి అమ్మేవారు. ‘కీన్ కట్టర్’ సెయింట్ లూయిస్‌కు చెందిన ఇ.సి. సిమన్స్ వ్యాపార ముద్ర. ఆ పేరుతో వచ్చిన చాకులు చాలావరకు న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్డెన్ నైఫ్ కంపెనీలో తయారయ్యాయి. ‘బార్లో’ అయితే అసలు కంపెనీ పేరే కాదు, పొడవైన బోల్‌స్టర్ (అలుగు బిగించే వైపు పిడికి ఉండే లోహపు తొడుగు) ఉన్న ఒక నమూనా పేరు. దాన్ని ఎన్నో కంపెనీలు చేశాయి. పేరులో అమెరికా వినిపించినంత మాత్రాన అది అమెరికా సరుకు కాదు. జార్జ్ వోస్టెన్‌హోమ్ అనే ఇంగ్లీషు తయారీదారు అమెరికా వ్యాపారాన్ని దృష్టిలో ఉంచుకుని షెఫీల్డ్‌లోని తన కర్మాగారానికి ‘వాషింగ్టన్ వర్క్స్’ అని పేరు పెట్టుకున్నాడు.

అపోహ: దేశం పేరు లేకపోతే ఆ చాకు 1891కి ముందుది.

వాస్తవం: 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి అమెరికాలోకి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు వేయడం తప్పనిసరి అయింది. కాబట్టి ‘జర్మనీ’ అని ఉన్న చాకును అంతకు ముందరిదని చెప్పి అమ్మజూపితే అనుమానించాలి. కానీ ఈ నియమం దిగుమతులకే వర్తిస్తుంది. అమెరికాలోనే తయారైన చాకు మీద దేశం పేరు లేకపోవడం వల్ల మనకు తెలిసేదేమీ లేదు. పేటెంటు తేదీ సంగతీ ఇంతే. చాకు అంతకంటే పాతది కాదని అది చెబుతుంది గాని, ఎన్నేళ్ల తర్వాత తయారైందో చెప్పదు.

అపోహ: కేస్ చాకుల మీది ముద్ర ఎప్పుడూ కచ్చితమైన సంవత్సరాన్ని చెబుతుంది.

వాస్తవం: పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్న కేస్ కంపెనీ చాకులకు సేకర్తలలో ఇంత ఆదరణ ఉండటానికి ఒక కారణం, వాటి ముద్రలు కాలక్రమంలో మారుతూ రావడం. ‘కేస్ టెస్టెడ్ ఎక్స్ ఎక్స్’ అన్న ముద్ర సుమారు 1920 నుంచి 1940 వరకు, ‘కేస్ ఎక్స్ ఎక్స్’ 1940 నుంచి 1964 వరకు, దానికి ‘యు.ఎస్.ఏ.’ చేరినది 1965 నుంచి 1969 వరకు వాడుకలో ఉన్నాయి. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కో చుక్క తీసేస్తూ వచ్చారు. 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టి, కంపెనీ పేరులోని ‘ఎస్’ అక్షరాన్ని మెరుపు తీగలా వంకర తిప్పారు. కాబట్టి ఆరు చుక్కలున్న చాకు 1974దో 1984దో ఆ ఒక్క అక్షరమే తేలుస్తుంది. ఇంత కచ్చితత్వం 1970 తర్వాతి చాకులకే. అంతకు ముందరి ముద్రలు ఐదేళ్ల నుంచి పాతికేళ్ల దాకా ఉండే వ్యవధిని మాత్రమే చూపుతాయి. పైగా కర్మాగారంలో మిగిలిన పాత అలుగులను వృథా చేయకుండా కొత్తవాటితో కలిపి బిగించేవారు. ఒక అలుగు మీద పాత ముద్ర, రెండోదాని మీద ‘యు.ఎస్.ఏ.’ ముద్ర ఉన్న చాకులు అసలువే కావచ్చు. వాటిని తొందరపడి నకిలీలని తోసిపుచ్చకూడదు.

అపోహ: నమూనా సంఖ్య 6తో మొదలైతే పిడి ఎముకే.

వాస్తవం: కేస్ సంఖ్యలలో మొదటి అంకె పిడి పదార్థాన్ని, రెండోది అలుగుల సంఖ్యను, మిగిలినవి నమూనాను తెలుపుతాయి. 6254 అంటే చెక్కడం చేసిన ఎముక పిడి, రెండు అలుగులు, 54వ నమూనా (ట్రాపర్). అయితే 1960ల చివర ఎముకకు బదులు డెల్రిన్ అనే ప్లాస్టిక్ వాడినప్పుడు కూడా అదే 6ను కొనసాగించారు. భూతద్దంతో చూస్తే ఎముకలో సహజమైన సన్నని రంధ్రాలు, గీతలు కనిపిస్తాయి. డెల్రిన్‌లో అవి ఉండవు. కాల్చిన సూది గుచ్చి పరీక్షించమని చెప్పేవారి మాట వినవద్దు, ఆ మచ్చ ఎప్పటికీ పోదు. ఈ కంపెనీ నేడు వాడే ఎముక బ్రెజిల్‌లోని మూపురం ఉండే జెబూ పశువులది. అక్కడి జెబూలలో అత్యధికంగా ఉన్న ‘నెలోర్’ జాతి, మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు పశువుల సంతతి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆ పిడులు మరింత దగ్గరివిగా అనిపిస్తాయి.

అపోహ: ముద్ర స్పష్టంగా ఉంటే చాకు అసలుదే.

వాస్తవం: అరిగిన అలుగు మీద పదునైన అక్షరాలు కనిపించినప్పుడే ఎక్కువ జాగ్రత్త పడాలి. నకిలీలు చేసేవారు చవక చాకు ట్యాంగ్‌ను అరగదీసి, దాని మీద విలువైన ముద్ర వేస్తారు. అలా పలచబడిన ట్యాంగ్‌కూ పక్కనున్న ఇత్తడి రేకుకూ మధ్య సందు ఏర్పడుతుంది. తుప్పు గుంటలు అక్షరాలను తినేసి ఉంటే ముద్ర తుప్పు కంటే పాతది. అక్షరాలే గుంటలను కోసుకుంటూ పోతే ముద్ర తర్వాత వేసినది. సేకరణ మొదలుపెట్టిన రోజుల్లో ఈ తేడా తెలియక నేను ఒక చాకుకు దాని విలువకు ఎన్నో రెట్లు చెల్లించాను. పోలికల కోసం దాన్ని ఇప్పటికీ దాచి ఉంచాను. కంపెనీలే పాత నమూనాలను అధికారికంగా మళ్లీ విడుదల చేయడం వేరే సంగతి. రెమింగ్టన్ 1920లలో అమ్మిన ఆర్ 1123 ‘బుల్లెట్’ చాకు 1982లో తిరిగి వచ్చింది. నలభై ఏళ్లకు పైగా వాడుకలో నలిగిన ఆ రెండో తరం చాకులు నేడు పాతవాటిలాగే కనిపిస్తున్నాయి.

అపోహ: తళతళలాడేలా మెరుగు పెడితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: విలువ పడిపోతుంది. మెరుగు చక్రం ముద్ర అంచులను, కర్మాగారపు సాన గీతలను చెరిపేస్తుంది. ఎర్ర తుప్పును నూనెతో మెత్తబరచి తుడవాలి గాని, కార్బన్ ఉక్కు మీద ఏళ్ల తరబడి ఏర్పడిన బూడిద రంగు పొరను తీయకూడదు. సెల్యులాయిడ్ (తొలి తరం ప్లాస్టిక్) పిడి ఉన్న చాకులను మాత్రం మిగతావాటితో కలిపి మూసిన పెట్టెలో ఉంచవద్దు. పాడైపోతున్న సెల్యులాయిడ్ నుంచి వెలువడే ఆమ్ల వాయువులు పక్కనున్న చాకుల ఉక్కును సైతం తినేస్తాయి. వాటిని విడిగా, గాలి ఆడే చోట, వేడికి దూరంగా ఉంచి, కొన్ని నెలలకోసారి తెరిచి చూడాలి.