మందులు మధ్యలో ఆగిపోతున్నది ఎక్కడ? టీబీ చికిత్స వెనుక హైదరాబాద్ కథ

2025 నాటికి దేశంలో టీబీ లేకుండా చేస్తామన్న గడువు ముగిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2024 నాటికి 187కి తగ్గాయి. తగ్గిన మాట నిజమే. కానీ 2018 మార్చిలో ఢిల్లీలో ప్రధాని ప్రకటించిన లక్ష్యానికి ఇది చాలా దూరం. ఎందుకిలా జరిగిందని అడిగితే ఏళ్ల తరబడి వింటున్న జవాబే మళ్లీ వస్తోంది: రోగులు మందులు మధ్యలో మానేస్తున్నారు, మందులకు లొంగని టీబీ వాళ్ల వల్లే పెరుగుతోంది.

ఈ జవాబు ఎంత వరకు నిజమో తెలియాలంటే 1995 నాటి హైదరాబాద్‌కు వెళ్లాలి.

ఆ రోజుల్లో నగరంలో దగ్గు తగ్గని మనిషి ముందుగా వెళ్లేది వీధి చివర ప్రైవేటు డాక్టరు దగ్గరికే. ఆ డాక్టర్లు రాసే టీబీ మందులకు ఒక పద్ధతంటూ ఉండేది కాదు. 1991లో ముంబై ధారావిలో వంద మంది ప్రైవేటు డాక్టర్లను అడిగితే 80 రకాల చికిత్సలు రాశారు. చీటీయే తప్పయినప్పుడు రోగి ఎంత బుద్ధిగా మింగితే మాత్రం ఏం లాభం?

1995 అక్టోబరులో ఏసీ గార్డ్స్‌లోని మహావీర్ ఆసుపత్రి ప్రభుత్వంతో కలిసి లక్ష జనాభాకు టీబీ చికిత్స బాధ్యత తీసుకుంది. తర్వాత అది 5 లక్షల జనాభాకు విస్తరించింది. ఆసుపత్రి వాళ్లు ఆ ప్రాంతంలోని ప్రైవేటు డాక్టర్లను కలిసి, అనుమానం ఉన్నవాళ్లను తమ దగ్గరికి పంపమని అడిగారు. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. గోలీలు మింగడానికి మాత్రం రోగి ఆసుపత్రి దాకా రానక్కర్లేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్ హోంలోనే ఆయన పేరున మందుల పెట్టె ఉండేది. పనికి పోతూనో, పని నుంచి వస్తూనో ఆగి మింగి వెళ్లేవాళ్లు. కొత్త రోగుల్లో నూటికి 90 మందికి పైగా చికిత్స పూర్తి చేశారు. వాళ్లూ ఈ నగరంలోని మామూలు మనుషులే, ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లే.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఆ ప్రయోగంలో రెండు పనులు కలిసి జరిగాయి. మందు మనిషి దగ్గరికి వచ్చింది, మింగుతున్నాడో లేదో చూసే మనిషి దొరికాడు. 1997లో మొదలై 2006 నాటికి దేశమంతా పరుచుకున్న ప్రభుత్వ టీబీ కార్యక్రమం రెండో పనిని గట్టిగా పట్టుకుంది. మొదటి పని చాలాచోట్ల కాగితం మీదే మిగిలింది.

డాట్స్, అంటే ఒకరు చూస్తుండగా మందు మింగించడం, అని అందరూ పిలిచిన ఆ పద్ధతిలో రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు మందు. తొలి రెండు నెలలు ఒక్కో విడతకు ఏడు గోలీలు, అన్నీ ఒకేసారి, సెంటరులో సిస్టర్ ఎదుట. ఆ ఏడింటిలో కడుపులో తిప్పేవి ఉంటాయి, వాంతి తెప్పించేవీ ఉంటాయి. సెంటరు తెరిచేది తొమ్మిదింటికి. బోరబండ, ఎర్రగడ్డ వైపు లేబర్ అడ్డా మీద ఎనిమిదిన్నర దాటితే ఆ రోజు కూలి లేనట్టే. వారానికి మూడు రోజుల కూలి పోగొట్టుకోవాలా, మందు పోగొట్టుకోవాలా అన్నది ఆ మనిషి ప్రతి రోజూ తేల్చుకోవాల్సిన లెక్క. వరుసగా రెండు నెలలు మందు ఆగితే రిజిస్టరులో పడే పేరు ‘డిఫాల్టర్’. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికి వాడే మాట. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను తీసేసింది. ఇప్పటికీ చాలామంది నోట అదే వస్తుంది.

రోగిది నిర్లక్ష్యమన్న నమ్మకం అంతకంటే పాతది. దాన్ని ప్రశ్నించిన ఆధారాలూ అంతే పాతవి. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం శానటోరియంలో, అంటే టీబీ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో, పడుకోబెట్టినా, ఇరుకింట్లో ఉంచినా మందు సరిగా అందితే ఫలితం దాదాపు ఒకటేనని తేల్చింది. 1963లో బెంగళూరులోని జాతీయ టీబీ సంస్థకు చెందిన దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో టీబీ రోగులను కలిశారు. సగానికి పైగా అప్పటికే ఏదో ఒక దవాఖానకు వెళ్లొచ్చినవాళ్లే. వాళ్లను పరీక్ష చేయకుండా దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేశారు. జనం వైద్యం కోసం వచ్చారు, వైద్యమే వాళ్లను తిప్పి పంపింది. అరవై ఏళ్ల కింద రాసిన ఆ మాట ఈ వాదన వచ్చిన ప్రతిసారీ మరుగున పడుతోంది.

మనుషులు మందు మానేయడానికి ఇంటి కారణాలు ఉండవని కాదు, ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది, బరువు పెరుగుతుంది. తగ్గింది కదా, ఇంకెందుకు అనిపిస్తుంది. ఎక్కువ క్రిములు మొదటి రెండు నెలల్లోనే చచ్చిపోయినా, నిద్రపోతున్నట్టుండే కొన్నింటి కోసమే మిగతా నాలుగు నెలలని విడమరిచి చెప్పే తీరిక ఓపీ లైనులో ఎవరికీ లేదు. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని ఎండాకాలం గోలీలు తగ్గించేవాళ్లున్నారు. విచిత్రం ఏమిటంటే వాళ్లే వంకాయ ముట్టరు, చల్లనీళ్లు తాగరు. పథ్యం నెలల తరబడి తప్పకుండా చేస్తారు. చెప్పినది చేసే గుణం మన జనంలో లేదని నేనెలా నమ్మాలి? పథ్యం గురించి అమ్మ చెప్పింది, అత్త చెప్పింది, ఎందుకో కూడా చెప్పారు. గోలీ గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మొన్న బోరబండలో ఒక ఇంటికి వెళ్లాను. సెంట్రింగ్ పని చేసే ఆయనకు టీబీ మళ్లీ వచ్చింది. మాట్లాడింది ఎక్కువగా ఆయన భార్యే. గోలీల అట్టలు పసుపు డబ్బా వెనుక పెడుతుంది, ఇంటి ఓనరమ్మ కంట పడకూడదని. ఆరు వాటాలకు ఒకటే బాత్రూం. ‘మొదటిపారి గోలీలు మింగినంక ఒంటికి పోస్తే ఎర్రగ వచ్చెనన్నా. రక్తమనుకొని రెండు దినాలు గోలీ బంద్ జేసిండు. బాత్రూంల ఎవరన్న చూస్తరేమోనని ఇంకో భయం’ అంది. టీబీ గోలీల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానివల్ల ప్రమాదం లేదు. ఆ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఆ రెండు రోజులు ఆగేవి కావు.

ఇక్కడ ఆరోగ్య శాఖ వాదన కూడా చెప్పాలి. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు తర్వాత రోజూ మందు ఇచ్చే పద్ధతికి మారారు. విడివిడి గోలీల బదులు బరువును బట్టి కలిపి చేసిన గోలీలు వచ్చాయి, ఇంటికే ఇస్తున్నారు. 2018 నుంచి పోషణకు నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఇవన్నీ మంచి మార్పులే.

అయితే తప్పు రోగిదేనన్న ఇప్పటి వాదన గురించి 2024 వేసవిని పక్కన పెట్టి మాట్లాడటం న్యాయం కాదు. ఆ మార్చిలో టీబీ మందుల సరఫరా ఆలస్యమవుతోందని, మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. కొరత లేదని పైనుంచి ప్రకటనలు వచ్చాయి. బోరబండ ఆయన అప్పుడు చికిత్స మూడో నెలలో ఉన్నాడు. నెలకు ఒకసారి ఇచ్చే గోలీలు వారానికి, తర్వాత మూడు రోజులకు సరిపడా ఇచ్చారు. ‘రేపు రా’ అన్నారు. రేపు వెళితే ‘సోమవారం రా’ అన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఒక కూలి పోయింది. నాలుగోసారి తర్వాత ఆయన వెళ్లలేదు.

పాత కార్డు ఇంకా ఆమె దగ్గర ఉంది, ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి. నేను అడగకుండానే తీసి చూపించింది. మూడో నెల గడుల్లో టిక్కులు కొన్ని ఉన్నాయి, తర్వాతవి ఖాళీ. చివర్లో పెన్నుతో రాసి ఉంది: రోగి రావడం మానేశాడు.